మీ పక్కన ఎవరైనా ఉన్నారా అండీ?

ఆ ఎండాకాలం మా ఇంట్లో పగటిపూట ఫ్యాను తిరగలేదు.

కరోనా రెండోసారి ఊరి మీద పడిన వేసవి అది. గోదారి మీంచి వచ్చే గాలి కూడా పొయ్యి మీంచి వచ్చినట్టే ఉండేది. నడిమి గదిలో తలుపు దగ్గరకేసుకుని మా అమ్మాయి సాయిదివ్య పొద్దస్తమానం ఫోన్లు చేసేది. ఫ్యాను చప్పుడుకి అవతలివాళ్ల మాట సరిగ్గా వినపడదని తన గదిలోదే కాదు, పక్కనున్న మా గదిలోదీ ఆపించేసింది. నేనూ మా ఆయనా వసారాలో విసనకర్రలు పట్టుకుని కూర్చునేవాళ్లం.

"ఊళ్లోవాళ్లు ఎంత కరెంటు కాలుస్తున్నారో కనుక్కోడానికి మనకి కరెంటు లేకుండా చేసింది నీ కూతురు," అనేవారు మా ఆయన దుర్గాప్రసాద్. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఇంటికొస్తే ఉక్కపోత, ఫ్యాక్టరీకి వెళితే చలి, ఈ వేసవికి రెండు కాలాలూ నాకే వచ్చాయని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

దివ్య పాండిచ్చేరిలో ఎమ్మే చదివింది. లాక్‌డౌను వచ్చాక ఇళ్లలో వంట ఎలా సాగుతోంది, గ్యాసు మీదా, కట్టెల మీదా, కరెంటు పొయ్యి మీదా, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని అక్కడి ప్రొఫెసరుగారొకాయన పరిశోధన మొదలుపెట్టారు. ఇళ్లకి వెళ్లే రోజులు కావు గనక అన్నీ ఫోనులోనే అడగాలి. మా యానాం భాగం మా అమ్మాయికి అప్పజెప్పారు. ఇది నమ్మకంగా చేసుకొస్తే తన దగ్గరే ఉంచుకుని పీహెచ్‌డీలో చేర్చుకుంటానని చెప్పారట. నేను ఎనిమిదితో ఆగిపోయినదాన్ని. మా ఆయన పదో తరగతి దాటలేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉండేది. దక్కబోయేదాన్ని చూస్తే పోతుందేమోనన్న భయం నాకు ముందే వచ్చేస్తుంది.

ఫోను ఆనించి ఆనించి పిల్ల చెవి పాడవుతుందేమో అనుకునేదాన్ని. ఏ మగాడో నంబరు దాచుకుని విసిగిస్తాడేమో అనుకునేదాన్ని. కట్టెలు వాడుతున్నామని చెప్పినందుకు గ్యాసు సబ్సిడీ డబ్బులు ఆగిపోయాయని ఎవరైనా వచ్చి మా గుమ్మం ముందు నిలబడతారేమో అని కూడా అనుకునేదాన్ని. ఒక్కొక్కటే చెబితే దివ్య ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పేది. అవన్నీ అయ్యేసరికి నాకు ఇంకోటి తోచేది.

ఎవరికి ఫోను చేసినా తను మొదట అడిగే మాట ఒకటే. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా అండీ? ఉంటే ఫర్వాలేదు, మీకు వీలైనప్పుడు చెప్పండి, మళ్లీ చేస్తాను."

ఎందుకలా అడుగుతావంటే చెప్పింది. అత్తగారు పక్కనుంటే గ్యాసు బండ ఎన్నాళ్లొచ్చిందో కోడలు ఉన్నదున్నట్టు చెప్పదట. భర్త పక్కనుంటే కరెంటు బిల్లు మాట రాదట. మనిషి ఒక్కత్తే ఉన్నప్పుడు చెప్పిందే తనకి కావాలట. అలా అడిగినందుకే కాబోలు, కొందరు డాబా మెట్లెక్కి వాళ్లంతట వాళ్లే ఫోను చేసేవారు. కనకాలపేటావిడ ఒకామె పొయ్యి సంగతితో మొదలెట్టి ఆడపడుచు సంగతిలోకి వెళ్లిపోయింది. తలుపు సందులోంచి చూస్తే దివ్య పెన్ను కింద పెట్టేసి ఊఁ కొడుతోంది. తర్వాత ఆవిడెవరో చెప్పమంటే చెప్పలేదు. ఎవరు ఏం చెప్పారో ఇంట్లో కూడా చెప్పకూడదట. బంధువులకి ఫోను చేయకూడదు, ఊరివాళ్లయితే ఫర్వాలేదట. యానాంలో ఎరగని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారులే అనుకున్నాను.

మా పెరటి గోడకి అవతల పద్మావతివాళ్ల ఇల్లు. వాళ్లాయన పాపారావు రొయ్యల చెరువుల పని మీద అవతలి పల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ నన్ను వదినా అంటుంది, దివ్య తనని అత్తా అంటుంది. ఆ మేలో పాపారావుని ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడే వాళ్ల వీధి గుమ్మానికి అడ్డంగా వెదురు గడలు కట్టి కాగితం అంటించి వెళ్లారు. పద్మావతికీ, ఐదేళ్ల కీర్తికీ జ్వరం. రోజూ వార్డు ఆరోగ్య కేంద్రం నుంచి ఒకావిడ వచ్చి గడల అవతల నిలబడి మాత్రలు అందించి, ఎలా ఉందని అడిగి, రాసుకుని వెళ్లేది.

గ్యాసు అయిపోయిందని పద్మావతి నాకు చెప్పలేదు. గోడ అవతల కీర్తి అన్నానికి ఏడవడం విని నేనే అడిగాను. బండ తెచ్చేవాడు గడలు చూసి వీధి మొదట్లోంచే వెనక్కి తిరిగాడట. గ్యాసు ఉన్నా పొయ్యి దగ్గర నిలబడే ఓపిక తనకి లేదు. గోడ పట్టుకుని మాట్లాడుతోంది, మాట మధ్యలో కూర్చుండిపోయింది.

నేను పాల ప్యాకెట్టు సబ్బుతో కడిగిన మనిషిని. చిల్లర నాణాలు ఎండలో పెట్టిన మనిషిని. అయినా ఆ పిల్ల ఏడుపు విని కూర్చోలేకపోయాను. అన్నం, చారు కలిపి మెత్తగా పిసికి విస్తరాకుల్లో పొట్లం కట్టి గోడ మీద పెట్టి దూరంగా జరిగాను. తిరిగి తీసుకోవలసిన గిన్నె ఉండకూడదని విస్తరాకులు. రెండు పూటలూ అలాగే.

మా ఆయనకి తెలిసి ఏమీ అనలేదు. భయం నాకే పట్టుకుంది. వార్డు ఆవిడకి తెలిస్తే మాకూ గడలు కడతారు. మా ఆయన ఫ్యాక్టరీకి పోకపోతే ఆ చోట ఇంకొకణ్ణి పెట్టుకోడానికి వాళ్లకి ఒక పూట పట్టదు. గోడ దగ్గర పద్మావతితో అదే చెప్పాను.

"నేనెవరికి చెప్తాను వదినా, గడప దాటితే గదా," అంది.

"అలా కాదు. ఒట్టెయ్యి."

మామూలుగా అయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి వేసేదే. మా మధ్య గోడ ఉంది, నేను దూరంగా ఉన్నాను. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, చీర కొంగు పట్టుకుని నిలబడ్డ కీర్తిని ఎత్తుకుని ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది.

"కీర్తి మీద ఒట్టు వదినా. బయటోళ్లెవరికీ చెప్పను."

జ్వరంతో ఉన్న పిల్ల తల మీద ఒట్టు వేయకమ్మా అనవలసినదాన్ని. అనలేదు. ఆ పూట నాకు ప్రాణం కుదుటపడింది.

రెండిళ్ల వంటకి మా గ్యాసు ముందే అయిపోయింది. పెరట్లో ఇటుకలు పేర్చి, సరుగుడు కర్రలూ కొబ్బరి మట్టలూ పెట్టి పొయ్యి వెలిగించాను. పొగ కిటికీలోంచి వెళ్లి దివ్య దగ్గుతూ బయటికొచ్చింది. దగ్గు వినగానే చేతిలో మట్ట వదిలేసి లేచాను.

"పొగమ్మా, పొగ," అంది కళ్లు తుడుచుకుంటూ. పొయ్యి పక్కన ఉన్న విస్తరాకులు చూసింది. గోడ వైపు చూసింది. "ఆ ఇంట్లో పొయ్యే వెలగలేదు, ఈ ఇంట్లో రెండిళ్ల వంట. ఇది ఎవరింటి లెక్కలో రాయాలో మాకు ఎవరూ చెప్పలేదు."

"నువ్వేం రాయకు తల్లీ," అన్నాను భయంగా.

"మనిల్లు నేను రాయకూడదులే," అని నవ్వి, ఇంకో కొబ్బరి మట్ట విరిచి పొయ్యిలో పెట్టి వెళ్లింది. అంత తేలికగా నవ్వడం అదే ఆఖరనుకుంటాను, ఆ వేసవిలో.

తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు వెనకనుంచి "పద్మావతత్తా, నేనూ" అని వినిపించింది. మామూలు మాటే అడిగింది, పక్కన ఎవరైనా ఉన్నారా అని. నేను లేచి వీధి వసారాలోకి వెళ్లిపోయాను. వినకూడదని తను చెప్పింది, అంతవరకు నేను బుద్ధిగానే ఉన్నాను. పద్మావతి ఏం చెప్పిందో దివ్య చెప్పలేదు, నేనూ అడగలేదు.

కీర్తికి జ్వరం తగ్గింది. పాపారావు నెమ్మదిగా కోలుకుంటున్నాడని కబురొచ్చింది. ఇక గండం గడిచిందనుకుంటున్నప్పుడు సుదీప్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పాండిచ్చేరిలో ఉండి వీళ్లందరి పనీ చూసే మనిషాయన, మన కాకినాడవాడే. ఎప్పుడు చేసినా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ రోజు దివ్య గొంతే వినిపించింది నాకు. "లేదు సార్. వాళ్లు చెప్పిందే రాశాను సార్. నాకు తోచింది రాయలేదు సార్." అదే మాట తిప్పి తిప్పి చెప్పింది.

బయటికొచ్చి గడప మీద కూర్చుంది. అడగ్గా అడగ్గా చెప్పింది. గ్యాసూ లేదు, కట్టెలూ లేవు, కరెంటు పొయ్యీ లేదు, అసలు పొయ్యే వెలిగించలేదు అని తను రాసిన ఇళ్లు కొన్ని ఉన్నాయట. తిండి ఇంకో ఇంటినుంచి వచ్చిందని రాసిందట. ఇదేంటి, ఇన్నిళ్లలో ఇలా ఎలా ఉంటుందని వాళ్లకి అనుమానం వచ్చి, పని సరిచూసేవాళ్లు ఆ ఇళ్లకి మళ్లీ ఫోను చేశారట. మెట్టకూరులో గానీ, కనకాలపేటలో గానీ, ఇక్కడ గానీ, ప్రతి ఇంట్లోనూ రోజూ మేమే గ్యాసు మీద వండుకున్నాం అన్నారట. గడలు కట్టిన ఇంటికి అన్నం పెట్టిన మనిషిని ఎవరు పట్టిస్తారు.

"మన వెనకింటి సంగతి నువ్వు చెప్పొచ్చు కదే. అన్నం పెట్టింది మా అమ్మే అని."

"చెప్పానమ్మా. నేను చెబితే ఏం లాభం, రాసిందాన్ని నేనే కదా. వాళ్ల నోటివెంట రావాలన్నారు. ఇంకోసారి మామూలుగా చేసి చూస్తామన్నారు."

"నేను వెళ్లి పద్మావతికి చెప్పనా?"

"వద్దు," అంది వెంటనే. "నువ్వు చెబితే నేను చెప్పించినట్టవుతుంది. వాళ్లంతట వాళ్లు చేయనీ. అత్త అప్పుడు చెబుతుంది."

సరే అన్నాను. అనగలిగాను గానీ ఉండలేకపోయాను. వాళ్లు మళ్లీ చేస్తారో చేయరో. చేసినా పద్మావతి మళ్లీ లేదంటే. దీని చదువు, దీని పేరు, నమ్మకంగా చేసుకొస్తే అన్న ఆ ప్రొఫెసరుగారి మాట, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. దివ్య స్నానానికి వెళ్లడం చూసి గోడ దగ్గరికి వెళ్లాను.

పద్మావతి నన్ను చూసి ముందు కీర్తి ఇడ్లీ తిందని చెప్పింది. ఫోను సంగతి అడిగితే కంగారుపడింది.

"చేశారొదినా, ఎవరో అమ్మాయి. నేను ఫోను ఎత్తేసరికి వార్డు ఆవిడ గుమ్మంలో నుంచుని ఉంది. పక్కన ఎవరున్నారో ఆ పిల్ల అడగనే లేదు. ఒంట ఎవరు చేత్తన్నారు, గ్యాసు ఎంతైంది అని గబగబా అడిగేసింది. ఆవిడ ఎదురుగా నీ పేరెలా చెప్పను? అయినా కీర్తి మీద ఒట్టేశాను గదా నీకు."

"మరి మా దివ్యకి చెప్పావు?"

"సాయమ్మ మన పిల్లే గదా. బయట మనిషేంటి?" అంది ఆశ్చర్యంగా.

అప్పుడు అర్థమైంది నాకు. ఒట్టు తను ఎక్కడా తప్పలేదు. తప్పకుండా ఉండడానికే అబద్ధం చెప్పింది. నేను అడిగిందే చేసింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను పద్మావతీ. ఇక లేదు. వాళ్లకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

పాపం, నేను అటు తిరిగేలోపే చేసింది. తనకి చేసిన నంబరుకే చేసి, మీ పెద్ద సారుని పిలవమని సుదీప్ గారితోనే మాట్లాడింది. ఎంత మంచి మనిషంటే, జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పింది. మా వదిన ఇప్పుడే గోడ దగ్గరికొచ్చి ఒట్టు తీసేసిందండి, అందుకని నిజం చెబుతున్నాను అని కూడా చెప్పింది.

దివ్య తల తుడుచుకుంటూ వచ్చేసరికి తన ఫోను మోగుతోంది. సుదీప్ గారే. విని నా వైపు తిరిగింది. "గోడ దగ్గరికి వెళ్లావా అమ్మా?" అని నన్నడిగింది, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని. నేను ఫోను లాక్కున్నంత పని చేశాను.

బాబూ, నా కూతురు అబద్ధం రాయదు, ఆ ఇంటికి అన్నం పెట్టింది నేను, గడలు కడతారని భయపడి నోరు మూయించిందీ నేనే, కావాలంటే మా ఇంటికి కట్టించండి అన్నాను. అప్పటికి ఆ భయం ఎటుపోయిందో తెలియదు. ఆయన మొత్తం విన్నాడు. విసుక్కోలేదు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"అమ్మగారూ, మీరు చెప్పేది నిజమేనని నాకనిపిస్తోంది," అన్నాడు. "కానీ నాకనిపించింది నేను రాయకూడదు. ఆవిడకి మేమే మళ్లీ చేద్దామనుకున్నాం, రేపు. మీరు వెళ్లకుండా ఉంటే ఆవిడ మాట తీసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ ఏం చెప్పినా మీరు చెప్పమన్నట్టే ఉంటుంది."

"తల్లినండీ, అబద్ధమాడతానా?"

"తల్లి గనకే అమ్మగారూ."

ఫోను దివ్యకి ఇచ్చేశాను. తను రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. ఒక్క ఇంటి సంగతైతే ఆ ఇల్లు తీసేసేవారేమో. మిగతా ఇళ్లవాళ్లు కూడా లేదనే అన్నారు గనక, ఏ మాట నమ్మాలో ఏది నమ్మకూడదో తెలియక యానాం మొత్తం తీసేశారు. డాబా మెట్ల మీంచి మాట్లాడిన ఆడవాళ్లు, ఆడపడుచు సంగతి చెప్పిన కనకాలపేటావిడ, అందరూ లెక్కలోంచి పోయారు. ఇదంతా తర్వాత తెలిసింది.

ఆ రోజు మాత్రం నేను వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నారు. దివ్య లోపలికి వెళ్లింది. కాసేపటికి మా గదిలో ఫ్యాను తిరిగింది.

"లోపలికి రండి, ఎండ వేడిగా ఉంది కదా," అంది.

మా ఆయన విసనకర్ర పక్కన పడేసి, "అమ్మయ్య, నీ ఉద్యోగం అయిపోయిందేంటే," అన్నారు నవ్వుతూ. ఆయనకింకా తెలియదు.

మా ఇంటికి గడలు ఎవరూ కట్టలేదు. మా ఆయన ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఆ మరుసటేడు కూరల బండి దగ్గర వార్డు ఆవిడ కనబడి, ఆ రోజుల్లో మీ పెరట్లో పొగ చూసి రెండిళ్లకి వండుతున్నారని అప్పుడే అనుకున్నానండి అంది. తనూ తన వెనకింటివాళ్లకి అలాగే పంపేదట, ఎవరికీ చెప్పకుండా. చెప్పొచ్చు కదమ్మా అన్నాను. మీరు భయపడతారని ఊరుకున్నానంది. వంకాయలు ఏరడం మాని అలా నిలబడిపోయాను.

దివ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పుడు ఫరంపేటలో ఒక ఆన్‌లైన్ సెంటర్లో పని చేస్తోంది, దరఖాస్తులు నింపుతుంది, పిల్లల హాల్‌టికెట్లు తీస్తుంది. ప్రొఫెసరుగారు ఆ ఏడు వేరే అమ్మాయిని తీసుకున్నారు. పీహెచ్‌డీకి మళ్లీ రాసుకోవే అంటే చూద్దాంలే అంటుంది. పద్మావతి ఇప్పటికీ ఏ పిండివంట చేసినా ముందు మా ఇంటికి పంపుతుంది. కీర్తి గోడెక్కి పిలుస్తుంది. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు ఆ ఒట్టు గుర్తొస్తుంది.

మొన్న ఆదివారం నా ఫోను మోగింది. ఎవరో అమ్మాయి, లేత గొంతు. అమ్మా, మీ ఇంట్లో వంటకి ఏం వాడతారు, నెలకి కరెంటు ఎంత వస్తుంది, చిన్న సర్వే అండి అని గబగబా మొదలుపెట్టింది. వెనకాల ఇంకా చాలా గొంతులు ఇలాగే గబగబా అడుగుతున్నాయి. దివ్య మంచం మీద పడుకుని ఏదో చదువుకుంటోంది. పేజీ తిప్పడం ఆగింది.

వద్దని పెట్టేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

"ముందు నా పక్కన ఎవరైనా ఉన్నారేమో అడగమ్మా," అన్నాను.

అవతల ఆ పిల్ల తడబడింది. "ఎవరైనా... ఉన్నారా అండీ?"

"మా అమ్మాయి ఉంది. ఉండనీ, ఫర్వాలేదు. ఇప్పుడు నిదానంగా అడుగు, అన్నీ చెబుతాను."

దివ్య నా వైపు చూడలేదు. పుస్తకం బోర్లా పెట్టి లేచింది. వెళ్లి స్విచ్చి నొక్కి ఫ్యాను ఆపేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.